చూపుడువేలికి ప్లాస్టర్

మొన్న బుధవారం మధ్యాహ్నం పప్పుకు పోపు పెట్టి స్టవ్ కట్టేసి, ఆ పప్పు సంగతే మరిచిపోయి టీవీ ముందు కూర్చుండిపోయాను. అమెరికాలో మంగళవారం సాయంత్రమైతే మాకిక్కడ ఆక్లాండ్‌లో బుధవారం పట్టపగలు కదా, వాళ్ళ కాంగ్రెస్ ఎన్నికల లెక్కింపు సరిగ్గా మా భోజనాల వేళకు మొదలైంది. నా ఈడువాళ్ళు ఇది చదివి నవ్వుకుంటారని తెలుసు. మౌంట్ ఆల్బర్ట్‌లో పెరటి కరివేపాకు మొక్కను చలి బారి నుంచి కాపాడుకుంటూ కాలక్షేపం చేసే రిటైరైన మనిషికి, ఎక్కడో డాలస్ శివార్లలో ఎవరు గెలిస్తే ఏమిటి, ఎవరు ఓడితే ఏమిటి అంటారు. నిజమే, కానీ ఆ శివార్లలో నా చెల్లెలుంది, చెల్లెలికో కూతురుంది, ఆ పిల్లకు వచ్చే వేసవికి ఇరవయ్యొక్కేళ్ళు నిండుతాయి.

ఇరవయ్యొకటో పుట్టినరోజంటే ఇంకొకళ్ళింట్లో పాయసం వండుకుంటారు. మా చెల్లెలింట్లో మాత్రం ఆ మాటెత్తితే అందరి ముఖాలూ వాడిపోతాయి. గ్రీన్‌కార్డు క్యూలో నిలబడి నిలబడి మా మరిదిగారి జుట్టు నెరిసిందేగాని క్యూ మాత్రం కదల్లేదు. ఆ కార్డు రాకుండానే పిల్లకు ఇరవయ్యొకటి నిండితే తల్లిదండ్రుల వీసా నీడ తొలగిపోతుందట, విద్యార్థి వీసా మీద కొన్నాళ్ళు నెట్టుకురావాలి, లేదా దేశం విడిచి వెళ్ళాలి. నడక కూడా సరిగ్గా రాని వయసులో తీసుకెళ్ళిన పిల్ల, వెళ్ళడానికి దానికి వేరే ఊరేదీ? అలాంటి పిల్లల కోసం ఓ బిల్లు వస్తుందంటారు, ఆగిందంటారు, మళ్ళీ వస్తుందంటారు. ఈసారి సభలో ఎవరి చెయ్యి పైనైతే దాన్ని దుమ్ము దులిపి బయటికి తీస్తారో, ఎవరొస్తే అటకెక్కిస్తారో మా చెల్లెలు కంఠతా చెబుతుంది. అసలా సభలో ఎందరు సభ్యులుంటారో కూడా నిరుడు దాకా నాకు తెలియదు, ఇప్పుడు పూజగదిలో కూడా అదే ధ్యాస.

లెక్కింపు సగంలో ఉండగా చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, మా దగ్గర చాలా టైట్‌గా ఉందక్కా, నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు. ఇదేమో పొద్దున్ననగా కారేసుకుని పోయింది, ఇంతవరకూ జాడ లేదు" అంది. ఆ పిల్ల ఎక్కడికి పోయిందో తర్వాత చెబుతాను. చెల్లెలు మాటల్లో మాటగా, ఇన్నేళ్ళుగా పన్నులు కడుతున్నా మా ముగ్గురిలో ఒక్కరికీ ఓటు లేదక్కా అనేసరికి నా మనసు ఎటో వెళ్ళిపోయింది. ఎటో ఏమిటి, తిన్నగా ఈ ఊళ్ళోనే ఉన్న పాపటోయిటోయి పేటకు వెళ్ళింది.

మేము ఈ దేశం వచ్చిన కొత్తల్లో అక్కడే ఓ చిన్న ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. కంప్యూటరు ఉద్యోగం దొరికేదాకా మావారు ఎయిర్‌పోర్టు పక్కన గోడౌన్‌లో పెట్టెలు మోశారు, ఎమ్మే ఎకనామిక్స్ చదివిన నేను ఓ బట్టలకొట్టులో హ్యాంగర్లు సర్దాను. దానికి నేనెప్పుడూ చిన్నబుచ్చుకోలేదు, కష్టపడి తిన్నాం, దొంగతనం చెయ్యలేదు కదా. మా పక్కింట్లో ఫిజీ ఆంటీ ఒకావిడ ఉండేవారు. ఎప్పుడో ముత్తాతలు చెరుకు తోటల కూలికి ఓడెక్కి ఫిజీ వెళ్ళిపోయిన కుటుంబం. ఆవిడ పుట్టిన ఆ దేశంలో ఓట్లతో వచ్చిన ప్రభుత్వాన్ని తుపాకులతో దించేస్తే, కళ్ళారా చూసి ఇక్కడికి వచ్చిన మనిషి. ఆవిడ హిందీ ఒక తీరు, నా దూరదర్శన్ హిందీ మరో తీరు, అయినా గోడకు అటూ ఇటూ నిలబడి గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళం.

ఎన్నికలొస్తున్నాయి, ఓటు నమోదు చేయించుకున్నావా అని ఆవిడ ఓరోజు అడిగితే నేను నవ్వేశాను. మేమింకా ఇక్కడి పౌరులం కాదు, పీఆర్ మీద ఉన్న ఉత్త రెసిడెంట్లం. ఈ దేశంలో రెసిడెంటై ఏడాది ఉంటే చాలు, ఓటు ఉంటుందని ఆవిడ చెబితే నమ్మబుద్ధి కాలేదు, ఇంట్లో చెబితే మావారికి ముచ్చెమటలు పోశాయి. "పరాయి దేశంలో ఓటేస్తే మన పాస్‌పోర్ట్ లాక్కుంటారేమోనే! వచ్చిన పీఆర్ కూడా పోతే ఏం చేస్తావ్? ఊరుకున్నంత ఉత్తమం లేదు" అన్నారు. మన తెలుగు స్నేహితులందరిదీ అదే మాట, ఒకరు చెప్పింది పదిమందీ మోసేవాళ్ళు. ఆంటీ ఇదంతా విని నా చెయ్యి పట్టుకుని లైబ్రరీకి లాక్కెళ్ళి, అక్కడి అమ్మాయి చేత అవునని చెప్పించి, అక్కడికక్కడే నమోదు చేయించింది. దార్లో ఆవిడన్న మాట ఇప్పటికీ మరిచిపోలేదు. నువ్వు రోజూ ఏ రోడ్డు మీద నడుస్తావో ఆ రోడ్డు గురించి మాట్లాడే హక్కు నీదే, ఎక్కడ పుట్టావో ఎవడికి కావాలి అంది.

ఓటు రోజున పొద్దున్నే తలంటుకుని పెళ్ళినాటి పట్టుచీర కట్టాను. గుంటూరు జిల్లాలో మా అమ్మ ఓటుకి అలాగే వెళ్ళేది మరి, నాన్న టీచరు కనుక ఏ పక్క ఊళ్ళోనో ఎన్నికల డ్యూటీలో ఉంటే, మమ్మల్ని వెంటేసుకుని పేరంటానికి వెళ్ళినట్టు వెళ్ళి, తిరిగొస్తూ ఎడమచేతి చూపుడువేలి మీది సిరా గుర్తు అందరికీ చూపించేది. ఆంటీ మాత్రం పూలపూల గౌనులో, రబ్బరు చెప్పుల్లో వచ్చింది. పిల్లలు వేసిన బొమ్మలతో నిండిన బడి హాలు, ఓ పోలీసు లేడు, ఓ తోపులాట లేదు. ఇది నిజంగా ఎన్నికేనా అని నాకే అనుమానం వచ్చింది. పార్టీకొకటి, మనిషికొకటి అని రెండు ఓట్లిచ్చారు, నారింజరంగు పెన్నుతో రెండు టిక్కులు పెట్టి, కాగితాలు పెట్టెలో వేసి, ఆ పక్కనే కూర్చున్న తెల్లజుట్టు అధికారిణి ముందుకెళ్ళి ఎడమచేతి చూపుడువేలు చాపి నిలబడ్డాను.

ఆవిడ నా వేలు చూసింది. కళ్ళజోడు సవరించుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. అయ్యో పాపం అన్నట్టు ముఖం పెట్టి, లోపలికెళ్ళి ఓ డబ్బా తెచ్చి, అందులోంచి దెబ్బలకు అంటించే ప్లాస్టర్ ఒకటి తీసి, నా వేలికి చుట్టి మెత్తగా నొక్కింది! వెనక నిలబడ్డ ఆంటీ నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళు తుడుచుకుని, ఇండియాలో ఓటేసినవాళ్ళ వేలికి సిరా పెడతారని ఆవిడకు విడమరిచి చెప్పింది. సిగ్గుతో చచ్చిపోయి ఆ ప్లాస్టర్ పీకబోతే ఆ అధికారిణే నా చెయ్యి ఆపింది. ఉండనీ, ఇవాళ నీ సిరా ఇదే అంది. ఆ మాటతో సిగ్గు కాస్తా గర్వమైంది. సోమవారం కొట్టుకు కూడా ఆ వేలితోనే వెళ్ళాను, ఏం తెగిందని అడిగినవాళ్ళందరికీ ఏమీ తెగలేదు, ఓటేశానని చెప్పాను. అది నల్లబడి తనంతట తాను ఊడేదాకా తియ్యలేదు.

అప్పట్నుంచీ మా ఇంట్లో ఓటేసి రాగానే ప్లాస్టర్ చుట్టుకోవడం ఆనవాయితీ అయింది, ఆనాడు ముచ్చెమటలు పోసిన మావారు కూడా బుద్ధిగా వేలు చాపుతారు. చెల్లెలి కూతురు చిన్నప్పుడు వీడియో కాల్‌లో ఈ కథే కావాలని మారాం చేసేది. దానికి తెలుగు అర్థమవుతుందిగాని నోట వచ్చేదంతా ఇంగ్లీషే, అయినా ఆ అధికారిణి వేలు తిప్పి చూసే ఘట్టం దగ్గర మాత్రం అచ్చం నాలాగే చేసి చూపించేది. ఆంటీ పోయి కొన్నేళ్ళయింది. ఆవిడ నవ్వు మాత్రం ఆ పిల్ల నోట వింటుంటాను.

పోయిన నెల దానికి ఫోన్ చేసి, ఎందుకమ్మా ఈ దేవులాట, ఇక్కడికొచ్చి చదువుకో, వెనక గది ఖాళీగానే ఉంది, అన్నీ నేను చూసుకుంటానని బతిమాలాను. "నో పెద్దమ్మా. ఐ లివ్ హియర్. ఇది మా ఊరు" అంది. పెద్దమ్మ మాటంటే లెక్కలేదని నాకు కోపమొచ్చింది, రెండు రోజులు మాట్లాడలేదు కూడా.

బుధవారం సాయంత్రం టీ పెట్టుకుంటుంటే దాని దగ్గర్నుంచి ఓ ఫోటో వచ్చింది. వాళ్ళ చుట్టుపక్కల ఇళ్ళలో పౌరసత్వం వచ్చిన తాతలూ బామ్మలూ, కర్ర పట్టుకుని నడిచే తెల్లవాళ్ళూ, కారు నడపలేని ముసలివాళ్ళంతా ఉన్నారట. పొద్దుటి నుంచి పోలింగ్ ముగిసేదాకా వాళ్ళను ఒక్కొక్కళ్ళనే ఎక్కించుకుని ఓటు వేయించి ఇంట్లో దింపింది. మీరెవరికి వేశారని ఒక్కరినీ అడగలేదట. అందరూ లోపలికి వెళ్ళి వచ్చేదాకా అది బయట కార్లో కూర్చుంది. ఆ ఫోటోలో ఉన్నది దాని ఎడమచేతి చూపుడువేలు, దానికి చుట్టిన ప్లాస్టర్. కింద "మై ఇంక్, పెద్దమ్మా" అని రాసింది. పొయ్యి మీద టీ పొంగిపోతున్నా చూసుకోకుండా మావారిని కేకేసి పిలిచి చూపించాను. మా వంశంలో ఓటు లేకుండానే ఇందరి చేత ఓటు వేయించిన మనిషి ఇదొక్కతే.

మా కాలంలో ఎన్నికలంటే మన ఊరి గోడల మీద రాతలు, మన వీధిలో మైకులు, అంతే. ఇప్పుడేమో ఒక దేశంలో జరిగే లెక్కింపు మరో దేశపు వంటింట్లో పప్పు చల్లారబెడుతోంది. ఇది రాస్తున్న వేళకు వాళ్ళ నియోజకవర్గం ఫలితం ఇంకా తేలలేదు, తేలినా ఆ బిల్లు కదులుతుందో లేదో చెప్పగలిగినవాళ్ళు లేరు. రాత్రి పడుకోబోయే ముందు ఆ ఫోటో మళ్ళీ తీసి చూసుకున్నాను. ఆనాడు నా ప్లాస్టర్ కింద గాయమేమీ లేదు. దీని ప్లాస్టర్ కింద ఉంది, కంటికి కనిపించదంతే. అయినా నా బంగారుతల్లి వేలు నిటారుగానే పెట్టింది.