ఇరవై ఐదో పరీక్ష

ఎస్సై పూర్ణిమ పుట్టింది నాచారంలోనే. ఇప్పుడు పీర్జాదిగూడలో అద్దె ఫ్లాటులో ఒక్కతే ఉంటుంది. లై డిటెక్టర్ ట్రైనింగుకు ఎంపికైన రోజు స్టేషనంతా స్వీట్లు పంచింది. ఆ తర్వాతే మనుషులు దూరం జరిగారు. టీ దగ్గరికి ఆమె వస్తే మాటలు ఆగిపోయేవి. "మేడం ముందర అబద్ధమాడితే దొరికిపోతం" అని నవ్వేవాళ్లు. సొంత అక్క కూడా ఫోన్లో "అంత మంచిగనే ఉంది" అని పెట్టేసేది.

కోర్సులో ఒకరోజు ట్రైనీలే పరీక్ష కుర్చీలో కూర్చోవాలి. ఛాతీకి పట్టీ, వేళ్లకు క్లిప్పులు పెట్టి, "మీకు దగ్గరి స్నేహితులున్నారా?" అని అడిగారు. "ఉన్నరు" అంది. తెర మీద గీత ఎగిరింది. ట్రైనర్ తర్వాతి ప్రశ్నకు వెళ్లాడు.

కోర్సు పాసైతే చాలదు. సీనియర్ చూస్తుండగా ఏడాదిలో ఇరవై ఐదు పరీక్షలు చేస్తేనే సర్టిఫికెట్. లేదంటే మళ్లీ మొదటినుంచి.

గడువు ఆఖరి రోజుకు ఇరవై నాలుగయ్యాయి. ఆ రోజు ముత్తమ్మను తెచ్చారు. మల్లాపూర్‌లో ఒక ఫ్యాక్టరీ ఊడ్చే మనిషి. రాగితీగ చుట్టలు పోయాయని ఆమె మీద అనుమానం. పరీక్షకు సమ్మతి కాగితం మీద వేలిముద్ర ఉంది. అయినా పూర్ణిమ అడిగింది.

"అమ్మా, ఇష్టముండే వచ్చినవా? వద్దనుకుంటే వద్దనొచ్చు."

"వద్దనొచ్చా? గట్ల ఎవ్వలు చెప్పలే బిడ్డా. వేలెయ్యమన్నరు, ఏసిన."

"మరిప్పుడేమంటవ్?"

"భయమైతుంది. వద్దు."

సీనియర్ సత్యనారాయణమూర్తి పూర్ణిమను బయటికి పిలిచాడు. "వేలిముద్ర ఉందిగా అమ్మా, కానిచ్చేయ్. ఏడాది కష్టం పోతుంది," అన్నాడు, జాలిగానే.

"ఆమె వద్దన్నది సార్."

లోపలికెళ్లి ముత్తమ్మను పంపేసింది. 'సమ్మతి లేదు, పరీక్ష జరగలేదు' అని రాసి సంతకం పెట్టింది. బ్యాచ్‌లో సర్టిఫికెట్ రానిది ఆమె ఒక్కదానికే.

మూడు వారాలకు అసలు దొంగ దొరికాడు, ఫ్యాక్టరీ స్టోర్ చూసుకునేవాడే. ఆ సంగతి చెబుదామని పూర్ణిమ ఆదివారం మల్లాపూర్ వెళ్లింది. గదికి తాళం. "బిడ్డ దగ్గరికి అన్నోజిగూడ పోయింది మేడం. పోలీసులొస్తరని భయపడ్డది," అంది పక్కింటామె.

"దొంగ దొరికిండని చెప్పున్రి. ఇగ ఎవ్వరు రారు."

కాసేపు గుమ్మం ముందే నిలబడి, ఉప్పల్ బస్సెక్కింది. సోమవారం పొద్దున కోర్సుకు మళ్లీ దరఖాస్తు పెట్టింది.