బ్రేకు మీద నా చెయ్యి

మా అన్న పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను పూజగదిలో దీపం వత్తి సరిచేస్తున్నాను. ముందురోజే బస్సులో బర్గూరు వెళ్ళాడు, చుట్టాల ఇంటికి. పొద్దున కాఫీ తాగి, గోడకు ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. నూనె వేళ్ళతోనే మా అమ్మాయికి ఫోను చేశాను.

నెల దాటింది. నేను పదో తరగతి వరకు చదివినదాన్ని. ఉత్తరం రాసి కూడా ఏళ్ళయింది. ఇప్పుడు కలం పట్టడానికి కారణం పదకొండో రోజు భోజనాల దగ్గర విన్న మాట. "అంత పెద్ద లారీలు తోలినోడు, కడకు పిల్లకాయల మాదిరి బొమ్మ స్టీరింగు తిప్పుకుంటా కూచున్నాడు" అన్నాడు మా చుట్టాలలో ఒక పెద్దాయన. పంక్తిలో నలుగురు నవ్వారు. నేను సాంబారు గిన్నె పట్టుకుని ముందుకు వెళ్ళిపోయాను. గట్టిగా మాట్లాడడం నాకు చిన్నప్పటి నుంచీ రాదు. ఆ రోజు చెప్పలేని జవాబు ఇక్కడ రాస్తున్నాను.

మా అన్న ముప్పై ఏళ్ళు బర్గూరు క్వారీల నుంచి గ్రానైటు రాళ్ళు తోలాడు. ఇంటి ఎత్తు రాయి వెనకాల పెట్టుకుని కృష్ణగిరి ఘాటు రోడ్డు దిగేవాడు. వదిన పోయాక హోసూరులో మా ఇంటి ముందుగదిలోకి వచ్చాడు. ఊరికే కూర్చోలేక చిన్న వ్యాను ఒకటి కొని, తళి నుంచి కూరగాయలు, పూలు మార్కెట్టుకు తెచ్చేవాడు. ఎక్కే ముందు స్టీరింగు తాకి కళ్ళకద్దుకునేవాడు. దిగాక టైరును చేత్తో తట్టేవాడు, ఎద్దు వీపు తట్టినట్టు. "రోడ్డు ఎవురిదైనా కానీ, బ్రేకు మాత్రం మనదిమ్మా" అనేవాడు. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

షుగరు ఆయన కాళ్ళలో చేరింది. ఒక మధ్యాహ్నం మార్కెట్టు నుంచి వచ్చి అన్నానికి కూర్చున్నాడు. వడ్డించడానికి వచ్చి చూస్తే గడప నుంచి పీట దాకా నేలంతా ఎర్రటి అడుగులు. కుడికాలికి చెప్పు లేదు. గాజుపెంకు గుచ్చుకుని ఉంది.

"అన్నా, చెప్పు యాడ పడిపోయింది?"

ఆయన కాలు చూసుకున్నాడు. వేరే ఎవరి కాలో చూసినట్టు చూశాడు. "ఈడనే యాడనో జారింటుంది. నువ్వు పప్పు పొయ్యి" అన్నాడు.

డాక్టరు ఇంక బండి తోలవద్దన్నాడు. "ఆయప్ప ఎప్పుడన్నా ఘాటు దిగినాడా?" అని నవ్వేశాడు అన్న. మర్నాడు మళ్ళీ తళి దారి పట్టాడు. ఆ దారిలో రెండు బడులున్నాయి. వ్యాను వెళ్ళినప్పటి నుంచి తిరిగి వచ్చిన చప్పుడు వినబడేదాకా నేను జపం చేసేదాన్ని. దేవుడిని అడిగింది మా అన్న ప్రాణం ఒక్కటే కాదు, ఆ రోడ్డు దాటే పిల్లల ప్రాణాలు కూడా. తాళం దాచే ధైర్యం మాత్రం లేదు. నన్ను భుజాన ఎత్తుకుని పెంచినవాడికి 'నువ్విక తోలలేవు' అని ఏ నోటితో చెప్పేది?

దారి చూపింది మా అమ్మాయి. ఇక్కడే ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తుంది. "అమ్మా, కారు పందేల ఆటకు స్టీరింగు దొరుకుతుంది. మామకు ఒకటి కొనిద్దాం. ఇంట్లోనే తోలుకుంటాడు" అంది. నాకు నమ్మకం కలగలేదు, అయినా సరేనన్నాను. అన్నను ఒప్పించడానికి, "నా పాత కంప్యూటరుకు స్టీరింగు నువ్వే చూసి కొనాలి మామా, బండి సంగతి మాకేం తెలుసు" అని చెప్పింది.

ముగ్గురం బస్టాండు దగ్గర కంప్యూటరు అంగడికి వెళ్ళాం. అంగడాయన నాలుగైదు డబ్బాలు దించాడు. మా చేతికి అందేది అన్నిటికన్నా చిన్నది. నల్లటి ప్లాస్టిక్కు చక్రం, కింద పెట్టుకోవడానికి రెండు పెడళ్ళు, బల్లకు బిగించే మర. అన్న చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏమప్పా, ఇది ఒక చుట్టు కూడా తిరగదే. లారీ మలుపు తిప్పాలంటే ఏం చేసేది?"

"పూర్తిగా తిరిగేది ధర ఎక్కువ సార్. ఇది మొదట్లో నేర్చుకునేవాళ్ళకి."

"నేర్చుకునేవాళ్ళకా?" అని మా అమ్మాయి వైపు చూసి మీసంలో నవ్వాడు. "సరే, క్లచ్ యాడ?"

"దీనికి క్లచ్ ఉండదు సార్. గేరు చక్రం వెనకాల మీటలతోనే."

"క్లచ్ లేదు, బరువు లేదు, వదిల్తే లోపల రబ్బరు లాక్కుంటాది. బ్రేకన్నా ఉందా, దేవుడే చూసుకోవాల్నా?"

అంగడాయన కూడా నవ్వి, పెడలు తొక్కి చూడమన్నాడు. చూడకుండా బండి కొనడు కదా, అన్న వంగి చేత్తో రెండూ నొక్కి చూశాడు. కాలు పెట్టి చూడలేదు. అది నాకు అప్పుడు తట్టలేదు. పెట్టె కట్టేలోగా జేబులోంచి నిమ్మకాయ తీసి దాని మీద పెట్టి దండం పెట్టుకున్నాడు. ఏ బండైనా నిమ్మకాయ లేకుండా ఆయన చేతికి రాదు.

ఇంటికి వచ్చాక పాత కంప్యూటరును నా కుట్టుమిషను బల్ల మీద పెట్టి, చక్రాన్ని ఆ బల్లకు బిగించాం. కుంకుమ పెట్టాను. "టైర్లు లేవే, నిమ్మకాయ యాడ పెట్టేదిమ్మా?" అని కాసేపు ఆలోచించి, బ్రేకు పెడలు కింద దూర్చాడు. హారతి ఇచ్చాను. కళ్ళకద్దుకుని బయలుదేరాడు.

పందెంలో మిగతా కార్లు బాణాల్లా పోయాయి. మా అన్న ఎడమ పక్కన నెమ్మదిగా పోతున్నాడు. "ఏమి తొందర వీండ్లకి? ముహూర్తం దాటిపోతాందా?" అన్నాడు. మొదటి మలుపులో కారు ఆగకుండా వెళ్ళి గోడకు కొట్టుకుంది. చూస్తే నిమ్మకాయ పెడలుకు అడ్డంగా ఉంది. ముగ్గురం కడుపు పట్టుకుని నవ్వాం. నేను కాయ తీసేశాను. మా అమ్మాయికి ఆఫీసు నుంచి ఫోను వస్తే బయటికి వెళ్ళింది.

రెండోసారి కూడా ఆ మలుపులోనే గోడకు తగిలింది. "చౌక సరుకు. బ్రేకు పట్టలేదు" అన్నాడు. మూడోసారీ అంతే. నేను కింద కూర్చుని చూశాను. బ్రేకు పెడలు ఖాళీగా ఉంది. ఆయన పాదం మొత్తం పక్కన యాక్సిలేటరు మీద ఉంది, బలమంతా పెట్టి తొక్కుతోంది.

అరచెయ్యి బ్రేకు మీద పెట్టాను. "ఇంకొకసారి పోనీ అన్నా" అన్నాను. మలుపు వచ్చింది. "ఇప్పుడు తొక్కుతాండా" అన్నాడు. నేను నొక్కాను. కారు ఆగింది.

అన్న కిందికి చూడలేదు. తెర వైపే చూస్తూ, "నా కాలు యాడుందిమ్మా?" అని అడిగాడు.

"యాక్సిలేటరు మింద ఉందన్నా."

ఆయన చక్రం మీది చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "పొద్దున బడికాడ ఒక పాప దాటింది. ఆపినాను అనుకున్నా. ఆడ రోడ్డు మిట్టకి ఎక్కుతాది, బండే నిలిచిపోయింది. నా కాలు బ్రేకు మింద పడనే లేదు" అన్నాడు. లేచి మొలతాడుకు కట్టుకున్న వ్యాను తాళం విప్పి నా చేతిలో పెట్టాడు.

"దేవుని కాడ పెట్టు. ఎవురన్నా అడిగితే కండ్లు కనపడలేదని చెప్పు. కండ్లు పోయేది వయసుకి. బ్రేకు మింద కాలు తప్పిందని మాత్రం చెప్పొద్దు."

అలాగే అన్నాను. ఆయన ఉన్నంతకాలం ఆ మాట దాటలేదు. మా అమ్మాయికి కూడా కళ్ళ సంగతే చెప్పాను. వ్యాను తళిలో పూలతోట ఆయన కొనుక్కుపోయాడు. అది వీధి మలుపు తిరిగేదాకా అన్న గేటు పట్టుకుని నిలబడ్డాడు.

మర్నాడు సాయంత్రం దీపం పెట్టి వచ్చేసరికి మిషను ముందు కూర్చుని ఉన్నాడు. "రామ్మా, క్లీనరు లేకుండా బండి యాడ పోయేది?" అన్నాడు. అప్పటినుంచి ప్రతి సాయంత్రం నేను ఆయన ఎడమ పక్కన నేల మీద కూర్చునేదాన్ని. కుడిచేతిలో జపమాల, ఎడమ అరచెయ్యి బ్రేకు మీద. ఆయన "బ్రేకు" అంటే నొక్కేదాన్ని, "రైట్" అంటే తీసేదాన్ని. ఒక్కోసారి నామంలో పడి ఆలస్యం చేస్తే, "దేవుడు కాచుకుంటాడు గానీ మలుపు కాచుకోదమ్మా" అనేవాడు. ఎవరినీ దాటలేదు. ప్రతి పందెంలోనూ కడపటి వాడే. గోడకు మాత్రం మళ్ళీ ఎన్నడూ తగల్లేదు.

ఆడుకున్నాడని నవ్వినవాళ్ళు నవ్వుకోనీ. ముప్పై ఏళ్ళ డ్రైవరు తన చేత్తో తాళం విప్పి ఇచ్చిన సంగతి వాళ్ళకు తెలియదు. ఆ పాప ఎవరి బిడ్డో నాకూ తెలియదు. ఇప్పటికీ ఆ దారిలో బడికి పోతూనే ఉంటుంది.

ఆయన మాట కాగితం మీద దాటాను కాబట్టి ఒకటి కోరుతున్నాను. మన ఇంట్లో ఈ కాగితాలు ఎవరికి దొరికినా చింపకండి, బయటివాళ్ళకు చూపించకండి. మిషను సొరుగులోనే ఉంచండి. అందులో ఆ మొదటి రోజు నిమ్మకాయ ఉంది, ఎండి నల్లబడి గోలీకాయంత అయింది. చక్రం పైన బల్లకు బిగించే ఉంది. సాయంత్రం జపానికి ఇప్పటికీ అక్కడే కూర్చుంటాను. మాల తిరుగుతుంటే ఎడమ చెయ్యి దానంతట అదే పెడలు మీదికి పోతుంది, ఆయన చెప్పేదాకా ఆగుతుంది.