కనుమ దాటే టైర్లు

బురుల్చా కిర్గిజ్‌స్తాన్‌లో బిష్కెక్ నుంచి ఓష్‌కు టాక్సీ నడుపుతుంది. ఏప్రిల్‌లో ఆ దారిలో కింద వాన, పైన కనుమలో మంచు, రెండూ ఒక్క పూటలోనే తగులుతాయి. టైర్ల బజారులో దుకాణదారు తొక్తోసున్ ఆమెకు నిగనిగలాడే టైరును కాలితో తన్ని చూపించాడు.

"అన్ని కాలాలకీ పనికొస్తుంది అక్కా. ఆడమనిషివి, ఎలాగూ మెల్లగా పోతావు."

ఆమె టైరు పక్కభాగం తడిమింది. మంచుదారికి పనికొచ్చే టైరు మీదుండే మంచుపువ్వు గుర్తు లేదు. చలికి రాయిలా బిగిసిన రబ్బరులో బొటనగోరు దిగలేదు.

"ఆడమనిషినని మంచు జాలిపడుతుందా? ఎండాకాలం టైరు అంటగడతావేం?"

"ఇరవయ్యేళ్లుగా అమ్ముతున్నా. నాకే చెబుతావా?"

"చెప్పనులే. ఇవే బిగించు. నీ పెళ్లాం పిల్లల్ని ఎక్కించు, ఇప్పుడే కనుమ దాటిస్తా. ఛార్జీ కూడా వద్దు."

తొక్తోసున్ లోపలికెళ్లి, మంచుపువ్వు టైర్లు నాలుగు దొర్లించుకొచ్చాడు.