కువాంగ్ తాత తట్టిన ఇటుక

కువాంగ్ తాత మొదట కుడిచేతి నడివేలు మడుస్తాడు. కణుపుతో మూడుసార్లు తట్టి, చెవి ఆనించి, కళ్లు మూసుకుంటాడు. తరవాత పెదవి విరిచి ఒకే మాట అంటాడు.

"కొత్తది."

గోడైనా అంతే, వంతెనైనా అంతే. సంతలో పుచ్చకాయని తట్టినా అదే తీర్పు. మనవరాలిని చూడవచ్చిన కుర్రాడి మొహం మీదికి ఆ వేలు వెళ్తుంటే ఇంటివాళ్లు చెయ్యి పట్టుకున్నారు. నోరు పట్టుకోలేకపోయారు. "ముందు పళ్లు రెండూ కొత్తవి," అనేశాడు. సంబంధం ఆ రెండు పళ్ల దగ్గరే ఆగిపోయింది.

పెద్ద కాలువ ఒడ్డున ఉప్పురేవు వీధిలో ఇతని వల్ల అందరికంటే ఎక్కువ నలిగింది తావ్ మిన్. ఆమె గైడు. చేతిలో పసుపు జెండా, మెడలో మైకు, నోట్లో చక్రవర్తులు.

"మహాచక్రవర్తి పడవ దిగి మొదట కాలు మోపిన రాయి ఇదే," అంటుంది.

వెనక నుంచి టక్, టక్, టక్.

"కొత్తది. ఈ రాయి పోయినేడు లారీ దిగింది."

టూరిస్టులు చక్రవర్తిని వదిలేసి తాత చుట్టూ మూగుతారు.

"తాతా, నీకు దణ్ణం పెడతాను. ఆ చెయ్యి జేబులో పెట్టుకో."

"జేబూ కొత్తదే అమ్మాయ్. మొన్ననే కుట్టించా."

అతను చెప్పేది అబద్ధమైతే ఆమె ఎప్పుడో గెలిచేది. పదిహేనేళ్ల కింద పాత వీధిని కూల్చి, ఆ చోటే అంతకంటే పాత వీధి కట్టారు. ఎర్ర లాంతర్లు, చిలుము పూసిన గొళ్లేలు, ముందే పగలగొట్టి తెచ్చిన పెంకులు. నలభై ఏళ్లు ఇటుక బట్టీలో బతికినవాడి చెవిని పెంకులు మోసం చేయలేవు.

ఆ కూల్చివేతలో ఎవరి కంటా పడకుండా మిగిలింది వీధి చివర పెయ్ అవ్వ ఇల్లు. ఒక గది, గుమ్మంలో పొయ్యి, పొయ్యి మీద పంది మాంసం కూరిన ఆవిరి కుడుములు. ఈ శరత్తులో దాని గోడ మీదా ఎర్ర రంగుతో సున్నా చుట్టి, లోపల 'కూల్చు' అని రాసి వెళ్లారు. నూరేళ్లు దాటిన పాత ఇల్లని తేలితే ఉంచుతారు. తేలకపోతే నెలాఖరుకి అవ్వని ఊరి బయట పదిహేడో అంతస్తుకి ఎక్కిస్తారు.

"అంత ఎత్తున నా కుడుములు ఎవరికి అమ్మను? పావురాలకా?" అంది అవ్వ.

తావ్ మిన్ అర్జీ రాసింది. రెండువందల ఏళ్ల నాటి ఉప్పు కూలీల ఇల్లు అని పెట్టింది. అది ఎప్పటిదో ఆమెకి తెలీదు. ఆమె ఉద్యోగానికి తెలియనక్కర్లేదు. గురువారం అధికారి వస్తాడని జవాబు వచ్చింది. గోడని పరీక్షించడానికి ఊళ్లో అనుభవజ్ఞుడొకరు ఉండాలట. ఎవరని చూస్తే, కువాంగ్ తాత.

ఆమె టీ కొట్టుకి పరుగెత్తింది.

"తాతా, గురువారం నీకు జ్వరం."

"నాకెందుకు జ్వరం?"

"వస్తుంది. నడుంనొప్పి కూడా వస్తుంది."

"నేను మంచమెక్కితే గోడని ఎవరు తడతారు?"

"ఎవరూ తట్టకూడదనే నా ఏడుపు. పాపం, అవ్వ ముసలిది తాతా."

"అవ్వ పాతదే. నేను కాదన్నానా? ఇల్లు సంగతి గోడ చెప్తుంది." టీ గిన్నెని ఒకసారి తట్టి, పెదవి విరిచి, లేచి వెళ్లిపోయాడు.

గురువారం వీధంతా అవ్వ గుమ్మం ముందుంది. అధికారికి తెల్ల బూట్లు, చంకలో కాగితాలు. అవ్వ కుడుములు పెట్టింది. తింటే లంచమవుతుందని అతను వాసనతో సరిపెట్టుకున్నాడు.

కువాంగ్ తాత వేలు మడిచాడు. టక్, టక్, టక్. చెవి ఆనించాడు. ఈసారి కళ్లు మూయలేదు. అవ్వ ఆవిరిలో నిలబడి చేతులు తుడుచుకుంటూ ఉంది, ఎంత తుడిచినా తడి పోనట్టు.

"ఏమంటారు?" అన్నాడు అధికారి.

"పాతది."

తట్టాక ఆ నోట ఆ మాట విన్నవాళ్లు వీధిలో ఎవరూ లేరు. ఎవరో జారవిడిచిన గిన్నె దొర్లుకుంటూ వెళ్లి కాలువలో పడింది.

"ఎంత పాతది?"

"నాకంటే చాలా పాతది. రాసుకోండి."

పదిహేనేళ్లుగా ఏ రాయికీ దయ చూపని మనిషి. అతన్ని రుజువు అడగడానికి అధికారికి మొహం చెల్లలేదు. రాసుకున్నాడు. వసంతంలో పెద్ద నిపుణులు వచ్చి మరోసారి చూస్తారని, అందాకా ఇల్లు ముట్టుకోరని చెప్పి వెళ్లాడు.

వంతెన మీద తావ్ మిన్ తాతని అడ్డగించింది.

"నిజం చెప్పు. ఆ గోడ ఎప్పటిది?"

"నేను బట్టీలో చేరిన రెండో ఏటిది. ఆ ఇటుకలు నేను కాల్చినవే. అవ్వ మొగుడు బండి తోశాడు, నేను పేర్చాను. సగం వంకర."

"అంటే, యాభై ఏళ్లు..."

"మైకులో చెప్పవే, ఇంకా బాగా వినపడుతుంది."

"అయితే అబద్ధమాడావు!"

"తట్టాను. చెవి సరిగ్గా వినలేదు. వయసైపోయింది అమ్మాయ్."

ఆమె పసుపు జెండా మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తాత కోపంగా వంతెన దిగిపోయాడు.

మర్నాడు పొద్దున్నే అవ్వ గోడ ముందు ముక్కాలి పీట ఎక్కి నిలబడ్డాడు. బకెట్టులో బియ్యం కడిగిన నీళ్లు, చేతిలో కుంచె. పాచి పట్టడానికి పైనుంచి కిందికి, ఒక్క వరస కూడా వదలకుండా పూశాడు. పూస్తున్నంతసేపూ తను కాల్చిన ఇటుకల్ని పేరుపేరునా తిట్టాడు.

"వసంతం లోపల రెండువందల ఏళ్లు ఎదగాలి. ఊఁ, కానివ్వండి."