చెల్లి తల దగ్గర పెట్టిన పుస్తకం

కరీంనగర్ కాలేజీలో నేను తత్వశాస్త్రం చదువుతున్న రోజుల్లో, ఊళ్లో చెల్లికి తల్లి పోసిందని కబురొచ్చింది. దేవుళ్లంతా మనిషి భయంలోంచి పుట్టినవాళ్లేనని అంతకు ముందు వారమే క్లాసులో లేచి వాదించిన మొనగాణ్ణి నేను. హుజూరాబాద్‌లో బస్సు దిగి, నడిచి ఇల్లు చేరేసరికి గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. తల్లి ఉన్న ఇంట్లో పోపు వేయరు కనుక వంట వాసన కూడా లేదు. చెల్లి ముఖం ఆనవాలు పట్టలేకపోయాను. మశూచి అనే మాట నా నోటికి రాలేదు. నేనూ తల్లి అనే అన్నాను.

అవ్వ నా సంచి వైపు చూసింది. "అండ్ల ఏమున్నది బిడ్డా?"

"కాలేజీ పుస్తకమవ్వా. దేవుని గురించి రాసిండ్రు."

ఆమె చేతులు కడుక్కొని వచ్చి, పుస్తకాన్ని కళ్లకద్దుకొని చెల్లి తల దగ్గర పెట్టింది. "తల్లి జూసి సల్లవడ్తది" అంది.

దేవుడు లేడని మొదటినుంచి చివరిదాకా వాదించే ఇంగ్లీషు పుస్తకం అది. చెల్లి మూలిగినప్పుడల్లా నా చూపు దాని అట్టమీదికే పోయేది. ఆ తల్లికి ఇంగ్లీషు రాకూడదని ఆ తల్లికే మొక్కుకుంటూ కూర్చున్నాను.