గడప దగ్గర అనే మాట

ఐర్లాండు వాళ్లు సాగనంపేటప్పుడు "స్లాన్" అంటారట. పొద్దుటి నుంచీ ఆ చిన్న మాట వెంటే పడ్డాను. క్షేమమని ఒక నిఘంటువు, ఏ లోటూ లేకపోవడమని ఇంకొకటి. మూలం సంగతి రెండూ తేల్చవు. చిరాకెత్తిపోయింది.

మా బాపు ట్రాక్టరులో పత్తి వేసుకుని జమ్మికుంట మార్కెట్‌కు బయలుదేరాడు. నేను పుస్తకంలోంచి తలెత్తకుండానే, "ఎటు బాపు?" అన్నాను.

గడప దాటిన మనిషి వెనక్కి వచ్చి, చెప్పులు విడిచి మంచం మీద కూలబడ్డాడు.

"పొయ్యేటోన్ని ఎటు అని అడుగుతరా? మల్ల కూసుండవెట్టినవ్. నీళ్లు తే!"

బయట ట్రాక్టరు హారన్ ఆగడం లేదు. బాపు మాత్రం తీరిగ్గా నీళ్లు తాగి, గడప దగ్గర ఆగాడు.

"పొయ్యేటోళ్లకు గా దేశపోళ్లు ఏమంటరో పొద్దటిసంది సదువుతున్నవ్. మీ బాపుకు ఏమనాల్నో గా పుస్తకంల రాయలేదా?"