ఎడిన్‌బర్గ్‌లో తూకం

టూర్ ముగియడానికి ఇంకా నాలుగు రోజులున్నాయనగా, రీడింగ్‌లో మేము దిగిన ఇంట్లో, పొద్దున్నే ఆ అమ్మాయిని తూకం మెషిన్ ఎక్కించాను. డెబ్బై రెండున్నర చూపించింది. దిగమని, మెషిన్‌ను కార్పెట్ మీది నుంచి వంటగది గచ్చు మీదికి జరిపి మళ్లీ ఎక్కించాను. అదే డెబ్బై రెండున్నర.

మాది ఆడపిల్లల కబడ్డీ జట్టు. నేను వాళ్ల స్పోర్ట్స్ హాస్టల్లో వంటమనిషిని. పిల్లలతో పాటు పెద్ద ఆడమనిషి ఒకరు ఉండాలన్నారని, తెలంగాణ వచ్చిన రెండో ఏడు, పన్నెండు మంది పిల్లలకూ కోచ్‌కూ తోడుగా నన్ను ఇంగ్లండు పంపారు. ఆ టూర్‌లో ఆడేవాళ్లు డెబ్బై కిలోలకు మించకూడదు. రోజూ పొద్దున్న అందరినీ తూచి నోటుబుక్కులో రాయడం నా పని. నలభై ఆరో ఏట చదవడం, రాయడం నేర్చుకున్నాను. నేర్పింది ఈ అమ్మాయే. హాస్టల్ వంటగదిలో నేను కూరగాయలు తరుగుతుంటే పక్కన కూర్చుని నేర్పింది.

మేము వచ్చిన మూడో రోజు ప్రాక్టీసులో ఆమె చీలమండ మడతపడింది. పది రోజులు కాలు కింద మోపకూడదన్నారు. ఆడని పిల్లకు తూకమెందుకని నేను ఆమె పేరు ఎదుట గీత గీసి వదిలేశాను. నేను చేసిన తప్పు అదే. పైగా ఎముకకు బలమని, మాంసం కొట్టు నుంచి మేక కాళ్లు తెప్పించి రోజూ పాయ కాచి పోశాను. సాయంత్రాలు అక్కడి తెలుగు కుటుంబాలు వంతులు వేసుకుని జట్టుకు భోజనాలు పెట్టేవి. మిగతా పిల్లలు మ్యాచ్ ఉందని సగంలో లేచి వెళ్లేవాళ్లు. ఈ అమ్మాయి సోఫాలో కాలు చాపుకుని కూర్చునేది, లేచి వెళ్లడానికి లేదు. ఆ ఇంటావిడ గిన్నె పట్టుకుని ఆమె దగ్గరికే వచ్చేది.

"చాలు ఆంటీ, నిజంగ చాలు."

"చాలంటావేంటమ్మా, కాలునొప్పితో ఉన్నదానివి. ఇంకొక్క గరిటె. మళ్లీ నీకిక్కడ గుత్తివంకాయ ఎవరు పెడతారు?"

పెట్టే చెయ్యిని ఎవరు ఆపగలరు. నేనూ పక్కన నిలబడి "తిను బిడ్డా" అన్నాను.

బుధవారం సాయంత్రం డాక్టరు కాలు చూసి, ఆఖరి మ్యాచ్ ఆడవచ్చన్నాడు. ఆదివారం ఎడిన్‌బర్గ్‌లో ఆ మ్యాచ్. ఒక్కసారైనా కోర్టులో దిగినవాళ్లకే టూర్ ఆడినట్టు సర్టిఫికెట్ ఇస్తారు. అది ఉంటే పోలీసు ఉద్యోగానికి స్పోర్ట్స్ కోటాలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ ఏడు దాటితే ఆమెకు వయసు దాటిపోతుంది. అప్పటికి మూడు మ్యాచ్‌లూ ఆమె బెంచీ మీద కూర్చునే చూసింది. మిగిలింది ఈ ఒక్కటే.

గురువారం పొద్దున తూచాక నోటుబుక్కు చూసి కోచ్ అడిగాడు, "తూచక ఎన్ని దినాలైంది?"

"పదకొండు, సార్."

"పాయ పోసి పోసి పెంచినవ్ గదక్కా." అరవలేదు. అరిచి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

రెండు రోజులు గుడ్డులో తెల్లసొన తప్ప ఏమీ పెట్టలేదు. ఆమె రెండు స్వెట్టర్లు తొడుక్కుని వాన జల్లులో వీధి చివరిదాకా పరుగెత్తి వచ్చేది. శనివారం పొద్దున డెబ్బై కిలోల ఏడువందల గ్రాములు. ఆ సాయంత్రం ఆరింటికే ఎడిన్‌బర్గ్‌లో తూకం.

"నీళ్లు బంద్. ఒక్క గుటక గూడ వద్దు," అని కోచ్ ఆమె సీసా తీసుకుని నా సంచిలో పెట్టాడు. "జిమ్మేదారి నీదే అక్కా."

బస్సులో హీటరు పెంచారు. ఆమె మూడు స్వెట్టర్లు, పైన వాన కోటు వేసుకుని ముందు సీట్లో కూర్చుంది. మిగతా పిల్లలు చెమటలు కక్కుతూ కూడా ఒక్క మాట అనలేదు. దాహమైతే లేచి చివరి సీటుకు వెళ్లి, వంగి తాగి వచ్చేవాళ్లు.

"అక్కా, బస్సు దిగినంక నీ స్వెట్టర్లు పిండితే బిందె నిండుతది," అంది ఒక పిల్ల.

"పిండుడు నీ వంతే. అప్పుడు తెలుస్తది," అంది ఆమె కళ్లు తెరవకుండా. అందరూ నవ్వారు.

మధ్యాహ్నం దాటాక హైవే పక్కన బస్సు ఆపారు. అందరూ టాయిలెట్లకు వెళ్లి వచ్చారు, ఆమె రాలేదు. లోపలికి వెళ్లి తలుపు తట్టాను. గడియ తియ్యడానికే చాలాసేపు పట్టింది. కమోడ్ మూత మీద కూర్చుని రెండు చేతులతో పిక్క పట్టుకుని ఉంది. చర్మం కింద కండరం ముద్దకట్టి కదులుతోంది. పెదవులు తెల్లగా పాలిపోయాయి. లేవబోయి గోడకు ఒరిగింది.

"సార్‌ను పిలువనా?"

"పిలువకు పెద్దమ్మా. చూస్తే ఆడనియ్యడు."

"దూప అయితుందా?"

"అయితలేదు. ఇందాకటి దాకా అయింది. ఇప్పుడేం తెలుస్తలేదు."

దాహం కూడా తెలియడం లేదన్న ఆ మాటకు నాకు భయం వేసింది. బయటి కాఫీ కొట్టులో కాగితపు కప్పు, ఉప్పు, చక్కెర పొట్లాలు తెచ్చి కుళాయి నీళ్లలో కలిపాను. ఆమె మొహం తిప్పుకుంది.

"తాగితే మొత్తం పోతది పెద్దమ్మా."

"తాగు బిడ్డా."

"వద్దు."

గడ్డం పట్టుకుని కప్పు పెదవులకు ఆనించాను. సగమే పట్టాలనుకున్నాను. నోరు తడిశాక ఆమె ఆపలేకపోయింది. కప్పు మొత్తం తాగి, ఖాళీ కప్పులోకి చూస్తూ కూర్చుంది. కొద్దిసేపటికి పిక్క మెత్తబడింది. నడుచుకుంటూనే బస్సెక్కింది. నేను కోచ్‌తో ఏమీ చెప్పలేదు.

ఆరింటికి తూకం. డెబ్బై కిలోల రెండువందల గ్రాములు.

గంట టైమిచ్చారు. హాలు బయటి వరండాలో ఆమె పరుగెత్తింది, కాలు నొప్పెడితే నడిచింది, మళ్లీ పరుగెత్తింది. చూయింగ్ గమ్ నములుతూ కప్పులోకి ఉమ్మింది. ఉమ్మడానికీ తడి లేదు. పావు తక్కువ ఏడింటికి డెబ్బై కిలోల వంద. ఒళ్లు తుడిచి, దుప్పటి అడ్డం పట్టి, లోబట్టలతో నిలబెట్టాను. అదే వంద. ఎదుటి జట్టు కెప్టెన్ వచ్చి మాకేం అభ్యంతరం లేదంది. తూకం రాసే పెద్దాయన చాలా మర్యాదగా, మెషిన్ చూపని అంకె నేను రాయలేనన్నాడు. ఏడింటికి ఆమె పేరు మీద గీత కొట్టాడు.

కోచ్ ఆమెను పక్కకు పిలిచాడు. "తొవ్వల ఏమన్న తాగినవా?"

"లేదు సార్."

"నేనే తాగిపిచ్చిన," అన్నాను.

"ఎంత?"

"ఒక కప్పు."

ఆ కప్పుకూ ఆ వంద గ్రాములకూ ఆయన లెక్క కట్టుకోవడం నాకు కనిపించింది. "నాకెందుకు చెప్పలే అక్కా?"

"చెప్తే ఆమెను ఆడకుండ ఆపేటోళ్లు."

"ఆపేటోన్నే," అన్నాడు. అని వరండా మెట్ల మీద కూర్చుండిపోయాడు.

ఆదివారం మ్యాచ్‌లో ఆమె బెంచీ మీద కూర్చుని గొంతు బొంగురుపోయేదాకా అరిచింది. ఎవరు ఎటు నుంచి వస్తున్నారో, ఎవరి కాలు అందుతుందో ఆమెకే ముందు కనిపించేది. పిల్లలు ఆమె గొంతు విని ఆడారు. మూడు పాయింట్లతో గెలిచాం. అందరూ ఆమెను మధ్యలో పెట్టుకుని ఫోటో దిగారు. ఆమె నవ్వింది కూడా. నా వైపు మాత్రం చూడలేదు.

మర్నాడు ఎయిర్‌పోర్టుకు వెళ్లే బస్సులో వచ్చి నా పక్కన కూర్చుంది. చాలా దూరం పోయాక అంది, "ఇంకో పావుగంట ఆగితే పిక్కల ఆ పట్టు అదే ఇడిచేది పెద్దమ్మా. ఇంతకు ముందు గూడ గట్లనే ఇడిచింది. నాకు తెలుసు."

కోపంగా అనలేదు. నేను ఆమె చెయ్యి మీద చెయ్యి వేస్తే తీసేయలేదు, అంతే.

ఆ ఏటి పోలీసు సెలక్షన్లకు ఆమె దరఖాస్తు పెట్టలేకపోయింది. విడిచేదేమో ఆ పట్టు, పావుగంటలో. ఆమె ఒళ్లు ఆమెకే తెలుస్తుంది. ఆ ఇరుకు గదిలో, ఆ పెదవులు చూస్తూ, ఆ పావుగంట నేను ఆగలేకపోయాను.